అవ్వా, ఈ పూట కూరేంది?

మొన్న పెళ్ళిలో భోజనాల దగ్గర నువ్వు నా చెవిలో వేసిన మాట ఇంకా నన్ను వదల్లేదు చెల్లీ. "నాయన రెండుసార్లు ఇంటి దారి తప్పాడక్కా. ఊళ్ళోవాళ్ళు తెచ్చి దిగబెట్టారు. పోలీసుల దాకా పోతే పరువు పోతుందని ఎవరికీ చెప్పలా" అన్నావు. ఆ వడ్డనల గోలలో నేను నీ చెయ్యి నొక్కి ఊరుకున్నా. ఇప్పుడు తీరిగ్గా చెప్తా, విను. పెద్ద కథే.

మా అత్తమ్మ ఎడమ మణికట్టు మీద చింతగింజంత మచ్చ ఒకటుంది. గాజు గుచ్చుకున్న మచ్చ. రోజూ నీళ్ళు పోసేటప్పుడు నా వేళ్ళకు తగులుతుంది. అదెట్లా పడిందో ఆమెకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే మేలనుకుంటా. నాకు మాత్రం ఆ సాయంత్రం గడియ గడియా గుర్తుంది.

కార్తీకమాసం. ముసురు పట్టింది. నాలుగున్నర అప్పుడు మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకురావడానికి పోయా. వీధి తలుపు గడియ వెయ్యడం మరిచా. దిగొచ్చి చూస్తే మంచం ఖాళీ. వంటింట్లో ఉల్లిపాయలు పోసే ప్లాస్టిక్ బుట్ట కూడా లేదు, ఉల్లిపాయలన్నీ గట్టు మీద పోసున్నాయి. అప్పుడు అర్థం కాలేదు గానీ, ఆమె ఎక్కడికి పోయిందో ఆ బుట్టే చెప్పింది. అత్తమ్మ పుట్టిల్లు మైపాడు దాపున ఒక పట్టపుపాళెం. పెళ్ళై నెల్లూరు టౌన్‌కు వచ్చి దాదాపు అరవై ఏళ్ళు. ఆ సాయంత్రం మాత్రం ఆమె పద్నాలుగేళ్ళ పిల్ల. వాళ్ళ నాయన పడవ ఒడ్డుకొచ్చే వేళయింది, గంప తీసుకుని పోవాలి. ఎవరిని అడిగిందో, డబ్బులెవరిచ్చారో తెలియదు, మైపాడు పోయే ఆటో ఎక్కేసింది.

మా ఆయన, నేను వీధులన్నీ వెతికి ఆరున్నరకు ఒక స్టేషన్‌కు పోయాం. "ముసలామే కదమ్మా, బంధువుల ఇళ్ళల్లో చూడండి. రేపు ఈ టైముకు కూడా రాకపోతే అప్పుడు రాసిద్దురు" అన్నారు. ఆ మాట పట్టుకుని మేం ఇంటికొచ్చేశాం. ఇరవైనాలుగు గంటలు ఆగాలనే నియమం ఏ చట్టంలోనూ లేదని నాకు ఆ తర్వాత తెలిసింది. పోయిన మనిషి ఏ స్టేషన్ సరిహద్దులో పోయారో తెలియకపోయినా, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయించుకోవచ్చు. చెల్లీ, ఈ రెండు ముక్కలూ నువ్వు గట్టిగా గుర్తుపెట్టుకో. మేం వెనక్కి తిరిగొచ్చిన ఆ మూడు గంటలు అత్తమ్మ ఏం పడిందో చెప్తా.

చీకటి పడే వేళ రోడ్డు పక్క సరుగుడు తోట అంచున వానలో నిలబడి ఉంటే గస్తీ జీపు చూసింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు దిగారు. జీపు లైటు నేరుగా ఆమె మొహం మీద. "పేరేంది? ఊరేంది? ఎవరి తాలూకు? ఫోన్ నంబరుందా? ఆధార్ కార్డుందా?" ఒకదాని వెనక ఒకటి అడిగారు. ఆమె ఉలకలా, పలకలా. గొంతు పెంచారు. ఆమె వెనక్కి నడిచింది. రోడ్డు మీదికి పోతుందేమోనని ఒకాయన చెయ్యి పట్టుకున్నాడు. ఆమె గోళ్ళతో రక్కేసింది. ఆయన పట్టు బిగించాడు. గాజు పగిలింది. "తాగుండాదా ఏంది ఈమె" అని రెండో ఆయన అన్నాడట.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఇది నువ్వు నమ్మాలి. రక్కించుకున్న ఆయనే తన డబ్బులతో ఆమెకు బిస్కెట్ పొట్లం కొన్నాడు. తన రెయిన్‌కోటు తీసి కప్పబోయాడు కూడా, ఆమె విసిరికొట్టింది. ఆయనకు తెలిసిన పద్ధతిలో ఆయన మంచే చేశాడు. జవాబు చెప్పని మనిషి ఏదో దాస్తున్నట్టు, చెయ్యి విదిలించుకున్న మనిషి ఎదురు తిరిగినట్టు. ఆయనకు నేర్పింది అది. మతిమరుపు జబ్బున్నవాళ్ళ విషయంలో మాత్రం ఆ రెండూ తప్పని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

స్టేషన్ బెంచీ మీద తొమ్మిది గంటల దాకా అట్లాగే ముడుచుకుని కూర్చుందట, బుట్ట ఒళ్ళో పెట్టుకుని. అప్పుడు డ్యూటీకొచ్చింది ఒక హోంగార్డు అమ్మాయి. ఆమె మొదట చేసిన పని, టోపీ తీసి బల్ల మీద పెట్టడం. తర్వాత బెంచీ ముందు కింద కూర్చుంది, అత్తమ్మ కళ్ళకన్నా తన కళ్ళు కిందికి వచ్చేటట్టు. బుట్ట వైపు చూసింది. నెమ్మదిగా అడిగింది, "అవ్వా, ఈ పూట కూరేంది?"

అత్తమ్మ తల ఎత్తింది. "వంజరం" అంది. పోలీసులకు దొరికాక ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"వంజరం ఎవురు తెచ్చారవ్వా?" "మా నాయన." "నాయన పేరేంది?" చెప్పింది. "ఏ పాళెం మీది?" అదీ చెప్పింది. హోంగార్డు అమ్మాయి ఆ పాళెంలో తనకు తెలిసిన వాళ్ళకు ఫోన్ చేసింది. ఆ పేరు గుర్తున్న ముసలాయన ఒకడు దొరికాడు. ఆయన దగ్గర మా ఆయన మేనమామ కొడుకు నంబరు ఉంది. అక్కడి నుంచి మాకు. పది గంటలకు మా ఫోన్ మోగింది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని తర్వాత ఆ అమ్మాయిని అడిగా. "ఎవురు నేర్పిస్తారక్కా, మా జేజికి ఇట్లాగే ఉండింది. ఐదేళ్ళు నేనే చూసుకున్నా" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నన్ను ఒకటే కుదిపేస్తోంది. అత్తమ్మ ఆ రాత్రి ఇంటికి చేరడం, ఒక హోంగార్డు ఇంట్లో ఒక జేజి జబ్బు పడి ఉండటం మీద ఆధారపడింది. ఆ అమ్మాయికి ఆ రోజు డ్యూటీ లేకుంటే? రాష్ట్రంలో కానిస్టేబులుగా చేరిన వాళ్ళకు తొమ్మిది నెలలు శిక్షణ ఇస్తారు. పరేడు, చట్టాలు, తుపాకీ, అన్నీ నేర్పుతారు. అందులో ఒక్క పూట ఈ పాఠానికి ఇవ్వమని అడుగుతున్నా. నేను ఇన్నాళ్ళూ అందరినీ అడుగుతున్నదీ ఇదొక్కటే.

అసలు ఆమె ఎందుకు అంతగా బెదిరిపోయిందో నాకు తెలుసు. మన వైపు దీన్ని చాదస్తం అంటాం, పెద్దతనం అంటాం. డాక్టర్లు డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్. కొత్త సంగతులను మెదడులో భద్రపరిచే భాగం పేరు హిప్పోక్యాంపస్, ఈ జబ్బు సాధారణంగా మొదట పట్టేది దాన్నే. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, అరవై ఏళ్ళ కిందటి పడవ రంగు గుర్తుంటుంది. కొత్తవి రాలిపోయేకొద్దీ మనిషి పాతకాలంలోకి జరిగిపోతుంది. మరి అత్తమ్మ పాతకాలంలో ఖాకీ అంటే ఏంది? నాటుసారా కోసం పోలీసులు పాళెం మీద పడితే, ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని సరుగుడు తోటల్లోకి పరిగెత్తేవాళ్ళని ఆమె బాగున్నప్పుడు ఎన్నోసార్లు చెప్పింది. ఆ రాత్రి తోట అంచున ఆమెకు ఎదురైంది బిస్కెట్లు కొనిచ్చే ఈ కాలపు కుర్రాడు కాదు. ఆ కాలపు పోలీసు.

పైగా పొద్దుగూకే వేళ. ఈ జబ్బున్న చాలామందికి సాయంత్రం అయ్యేసరికి అలజడి పెరుగుతుంది. సొంత ఇంట్లో కూర్చునే "ఇంటికి పోతా" అంటారు. మీ నాయన రెండుసార్లూ తప్పిపోయింది సాయంత్రమే కదా? నువ్వు చెప్పకపోయినా ఊహించా.

ఇంకొకటి, ప్రశ్నల వేగం. ఒక ప్రశ్న చెవిన పడి, అర్థమై, జవాబు వెతుక్కుని నోటికి రావడానికి వీళ్ళకు మనకన్నా చాలా సేపు పడుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు వెతుక్కుంటుండగా రెండోది, మూడోది వచ్చి పడితే అన్నీ కలిసి గోలైపోతాయి. ఒకటి అడిగి, మనసులో పది లెక్కపెట్టుకుని, అదే మాటను మళ్ళీ అట్లాగే అడగాలి. మాట మార్చి అడిగితే వాళ్ళకు అది కొత్త ప్రశ్న. "గుర్తు లేదా?" అని మాత్రం అడగకూడదు. ఆ మాటకు వాళ్ళు చిన్నబోతారు, మూసుకుపోతారు.

భాష సంగతి కూడా చెప్పాలి. మన తీరం పొడుగునా పట్టపు వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడుకునే భాష వేరు, అరవం యాసలో తెలుగు కలిసిపోయి ఉంటుంది. టౌన్‌లో చాలా ఇళ్ళల్లో ఉర్దూ. తడ వైపు పోతే అరవం. చివరికి మిగిలేది చాలామందికి చిన్ననాటి భాషే. అత్తమ్మ ఇప్పుడు నాతో తెలుగులో మొదలుపెట్టి, నాకు సగమే అర్థమయ్యే ఆ పుట్టింటి మాటల్లోకి జారిపోతుంది. ఆ రాత్రి వాళ్ళకు ఉలకని పలకని మనిషిలా కనిపించింది గానీ, ఆమె పెదాల కింద ఏదో గొణుక్కుంటూనే ఉందట. భాష అన్నాను కాబట్టి ఒక మంచి మాట: హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు వచ్చినవాళ్ళకు ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రాని వాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. అత్తమ్మ బడి ముఖం చూడలేదు. ఆ రెండు భాషలే మాకు ఆమెను ఇంకొన్నేళ్ళు అట్టే ఉంచాయేమోనని నాకొక ఆశ.

ఇది మీ ఇంటి ఒక్క సంగతో మా ఇంటి ఒక్క సంగతో కాదు. మన దేశంలో అరవై దాటిన వాళ్ళలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఆడవాళ్ళలో ఎక్కువ, పల్లెల్లో ఎక్కువ అని కూడా చెప్పింది. ఏ స్టేషన్ పరిధి తీసుకున్నా ఈ జబ్బున్న పెద్దవాళ్ళు ఉండి తీరతారు. పోలీసులకు ఎదురుపడక తప్పదు.

అదీ తప్పిపోయినప్పుడే అనుకోకు. పోయినేడాది మా వీధిలో ఒక పెద్దాయన తనంతట తానే స్టేషన్‌కు నడిచిపోయి, కోడలు పింఛను డబ్బులు కాజేసిందని ఫిర్యాదిచ్చాడు. కోడలిని పిలిపించారు, నలుగురిలో నిలబెట్టి అడిగారు. డబ్బులు ఆయన దిండు గలేబులోనే ఉన్నాయి. వస్తువు ఎక్కడ పెట్టారో మరిచిపోయి, ఎవరో తీశారని గట్టిగా నమ్మడం ఈ జబ్బులో బాగా కనిపించే లక్షణం. నిందపడేది ఎప్పుడూ దగ్గరుండి చాకిరీ చేసేవాళ్ళే. అత్తమ్మ నన్ను కూడా గొలుసు దొంగని చేసింది చెల్లీ, ఒకసారి కాదు. ఆ రోజుల్లో గుమ్మంలో కూర్చుని ఏడ్చేదాన్ని. అట్లాగని పెద్దవాళ్ళు చెప్పే ఫిర్యాదులన్నీ జబ్బు మాటలే అని తోసెయ్యడానికీ లేదు. నిజంగానే ఆస్తి రాయించుకుని రోడ్డున పడేసే కొడుకులూ కూతుళ్ళూ ఉన్నారు. ఈ రెంటినీ వేరు చెయ్యడం తేలిక కాదు. అందుకే నేర్పాలంటున్నా.

చట్టం లేదా అంటే, ఉంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని ఒక వకీలమ్మ ఇంట్లో కూర్చుని ముక్క ముక్కా చదివించుకున్నా. మానసిక అస్వస్థత అంటే ఏమిటో చెప్పే చోట ఆలోచన, మనోస్థితితో పాటు దిక్కుతావు తెలియడం, జ్ఞాపకం బాగా దెబ్బతినడం కూడా ఉన్నాయి. అంటే మన వాళ్ళూ అందులోకి వస్తారు. ఆ చట్టంలో నూరో సెక్షన్ పోలీసుల గురించే. తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషి కనబడితే స్టేషన్ ఆఫీసరు రక్షణలోకి తీసుకోవాలి, 24 గంటలలోపు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. మిస్సింగ్ కేసు కట్టి, ఇంటివాళ్ళను వెతికి కబురు చేసే బాధ్యత కూడా ఆ ఆఫీసరుదే. ఇక ముప్పయ్యో సెక్షన్ చదివినప్పుడు నేను మళ్ళీ మళ్ళీ వేలు పెట్టి చూసుకున్నా. పోలీసులతో సహా ప్రభుత్వ అధికారులకు ఈ విషయాల మీద ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. కొత్తగా చట్టం తెమ్మని మనం అడగడం లేదు, ఉన్నదాన్ని నడపమంటున్నాం.

దానికన్నా ముందే, 2007లో, తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ప్రతి స్టేషన్‌లోనూ తమ పరిధిలోని వృద్ధుల జాబితా ఉండాలని, ఒంటరిగా ఉన్నవాళ్ళను నెలకొకసారైనా పోయి పలకరించాలని రాశారు. మీ స్టేషన్‌లో ఆ జాబితా ఉందేమో అడుగు. అడగడానికి భయమెందుకు? నీ నాయన పేరు ఆ జాబితాలో ఉంటే పోలీసులకూ మంచిదే.

నేర్పకపోతే ఏమవుతుందో బయటి దేశాల్లో చూశారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం లవ్‌లాండ్ అనే ఊళ్ళో, 2020 జూన్‌లో, 73 ఏళ్ళ డిమెన్షియా ఉన్నామె దుకాణంలో పద్నాలుగు డాలర్లు కూడా చెయ్యని సరుకులకు డబ్బు కట్టకుండా బయటికొచ్చింది. రోడ్డు పక్కన పూలు కోసుకుంటూ ఇంటికి నడుస్తోంది. పోలీసులు ఆమెను పట్టుకుని చేతులు విరిచి కట్టారు. ఎముక విరిగింది, భుజం కీలు తప్పింది. గంటల తరబడి వైద్యం లేదు. ఆమెను అరెస్టు చేసిన అధికారికి ఐదేళ్ళ జైలు పడింది, నగరం 30 లక్షల డాలర్లు కట్టింది. ఆస్ట్రేలియాలో కూమా అనే ఊళ్ళో 2023లో, వృద్ధాశ్రమంలో 95 ఏళ్ళ ముసలామె చేతిలో కత్తి ఉందని కరెంటు తుపాకీతో కొట్టారు. కింద పడి తలకు దెబ్బ తగిలి ఆ తల్లి చనిపోయింది. ఆమె నడక చట్రం పట్టుకుని నడిచే మనిషి. ఈ రెండు కథలూ చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అత్తమ్మకు పగిలింది గాజే కదా అని ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నా.

మంచి చేసినవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండులో జార్జ్ హెర్బర్ట్ అని, రెండో ప్రపంచయుద్ధంలో నార్మండీ తీరాన దిగిన సైనికుడు. పెద్దతనంలో డిమెన్షియాతో చిన్ననాటి ఇల్లు వెతుక్కుంటూ పోయి దారిలోనే చనిపోయాడు. నార్ఫోక్ పోలీసులు ఆయన పేరు మీద ఒక పద్ధతి మొదలుపెట్టారు. మనిషి తప్పిపోకముందే ఇంటివాళ్ళు ఒక కాగితం నింపి ఉంచుతారు. ఫోటో, పాత ఇళ్ళు, చేసిన పనులు, ఇంతకుముందు దొరికిన చోట్లు. తప్పిపోయిన నిమిషంలో అది పోలీసు చేతికి పోతుంది. చిన్ననాటి ఇంటికి బయల్దేరడం! అది చదివి నేను అత్తమ్మ బుట్టనే తలుచుకున్నా. జపానులో 2005 నుంచి మామూలు జనానికే గంటన్నర పాఠం చెప్పి, డిమెన్షియా ఉన్నవాళ్ళకు తోడు నిలిచే మనుషులుగా తయారుచేస్తున్నారు. బ్యాంకు వాళ్ళు, బడి పిల్లలు, పోలీసులు, దుకాణాల వాళ్ళు, కోటి మందికి పైగా ఆ పాఠం విన్నారు. గంటన్నరే!

మనవాళ్ళకు ఇవి సాగుతాయా అనొద్దు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టి, దారి తప్పినవాళ్ళను, మతి స్థిమితం లేనివాళ్ళను ఊళ్ళకు ఊళ్ళు కట్టేసి కొట్టిన రోజులు గుర్తున్నాయా? అప్పుడు తెలంగాణలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరికొక పోలీసును కేటాయించారు. వాళ్ళు పోయి రచ్చబండల దగ్గర కూర్చుని మాట్లాడారు. జానపద కళాకారులతో పాటలు కట్టించి పాడించారు. దాదాపు 400 ఊళ్ళున్న ఆ ప్రాంతంలో మూక చేతిలో ఒక్కరూ చావలేదు. లాఠీ పట్టుకునే చేతులకే తప్పెట, మాట నేర్పితే జరిగిన పని అది. చిన్నపిల్లల విషయంలో అయితే మన పోలీసులు ఆపరేషన్ ముస్కాన్ పేరుతో రైల్వేస్టేషన్లు, బస్టాండ్లు గాలించి తప్పిపోయిన పిల్లల్ని ఇళ్ళకు చేరుస్తూనే ఉన్నారు. గూడూరు జంక్షన్‌లో ఏడుస్తున్న ఐదేళ్ళ పిల్లాడిని చూస్తే తప్పిపోయాడని ఎవరికైనా తెలుస్తుంది. అదే బెంచీ మీద ఉతికిన పంచె కట్టుకుని కూర్చున్న డెబ్బై ఏళ్ళాయన తప్పిపోయాడని ఎట్లా తెలుస్తుంది? చెప్పులు రెండు కాళ్ళకు వేరువేరు జతలవా, వానలో గొడుగు లేకుండా నింపాదిగా ఉన్నాడా, రైళ్ళు వచ్చిపోతున్నా లేవడం లేదా? అవన్నీ కనిపెట్టే చూపును నేర్పించొచ్చు.

మన తీరానికి తప్పక కావలసిన పాఠం ఒకటుంది. తుపాను రాత్రులు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2004 డిసెంబరు 26 సునామీ, ఇవి మన పాళేల పెద్దవాళ్ళ లోపల ఇంకా ఉన్నాయి. హెచ్చరిక వస్తే పోలీసులు, రెవిన్యూ వాళ్ళు మైకులు పట్టుకుని రాత్రికి రాత్రి జనాన్ని షెల్టరుకు తరలిస్తారు. చీకటి, గాలి, మైకు అరుపు, టార్చిలైట్లు, ఖాకీ. డిమెన్షియా ఉన్న మనిషికి ఇంతకన్నా భయం పుట్టించే సమయం ఇంకోటి ఉండదు. వాళ్ళు మంచం కోడు పట్టుకుని కదలరు. లాగితే కొడతారు. షెల్టరుకు చేర్చినా, ఆ కొత్త చోట, అంతమంది మధ్య, అర్ధరాత్రి లేచి సముద్రం వైపు నడిచి పోతారు. మొదటి గంటలో, గాలి రాకముందే, తెలిసిన మనిషి చేత పిలిపించి, ఆమె దుప్పటి, ఆమె చెంబు చేతికిచ్చి తీసుకుపోవాలి. షెల్టరులో తలుపుకు దూరంగా, గోడ వైపు, ఇంటి మనిషి పక్కన చోటివ్వాలి. ఎవరింట్లో ఇట్లాంటి పెద్దవాళ్ళున్నారో ఊరి సచివాలయంలో ముందే రాసి ఉంటే ఇది పెద్ద పని కాదు.

ఒక్క పూట పాఠంతో ఏమవుతుంది అక్కా అంటావేమో. మన జిల్లాలోనే అయింది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో ఆడవాళ్ళు చదువుకున్న వాచకంలో, తాగుడు వల్ల కూలిపోయిన ఒక సంసారం కథ ఉంది. ఆ పాఠం మీద మాట్లాడుకుంటూనే దూబగుంట ఆడవాళ్ళు లేచారు. రోశమ్మ ముందు నడిచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఖాకీని చూసి తోటల్లోకి పరిగెత్తిన ఆడవాళ్ళ బిడ్డలు, అదే ఖాకీకి ఎదురు నిలబడి సారా ప్యాకెట్లు తగలబెట్టారు. అట్లాంటి జిల్లా మనది. శిక్షణలో ఒక పూట అడగలేమా? సెప్టెంబరు 21న అల్జీమర్స్ దినం వస్తుంది. ఆ రోజు మా వీధి ఆడవాళ్ళం పదిమందిమి ఒక అర్జీ తీసుకుని ఎస్పీ ఆఫీసుకు పోదామనుకుంటున్నాం. ఆ హోంగార్డు అమ్మాయి లాంటి వాళ్ళనే పంతుళ్ళుగా పెట్టమని అడుగుతాం. పెద్ద పెద్ద డాక్టర్లు తర్వాత రావచ్చు.

ఆలోపు నీ పని ఏంటంటే, హెర్బర్ట్ పేరు మీద నింపి ఉంచే అట్లాంటి కాగితం రాయడం. నేను అత్తమ్మకు రాసింది చెప్తా విను. పైన ఈమధ్య తీసిన ఫోటో. పెళ్ళినాటిది పెడితే ఎవరు గుర్తుపడతారు? తర్వాత ఆమెను ఇంట్లో పిలిచే పేరు. ఆధార్‌లోని పేరు పెట్టి పిలిస్తే ఆమె తిరిగి చూడదు, ఆ పేరు ఆమెకు అలవాటు లేదు. పుట్టిన పాళెం, వాళ్ళ నాయన పేరు, పడవ దిగే రేవు. టౌన్‌లో పాతికేళ్ళు చేపలమ్మిన చోటు. "మైపాడు రోడ్డు, సముద్రం వైపు పోతుంది. నీళ్ళలోకి దిగుతుంది, ముందు ఒడ్డున చూడండి" అని ఎర్ర అక్షరాలతో రాశా. ఎడమ చెవి సరిగ్గా వినపడదు. వేసుకునే మందులు. చెయ్యి పట్టుకోవద్దు, మీ చెయ్యి చాపండి, ఆమే పట్టుకుంటుంది. జీపు ఎక్కమనొద్దు, రేవుకు పోదాం రమ్మనండి. మాట కలపాలంటే కూర ఏందని అడగండి. మా ముగ్గురి ఫోన్ నంబర్లు. కింద, మనకు పనికొచ్చేవి కూడా: ఆపదకు 112, పెద్దవాళ్ళ సాయానికి 14567. ఐదు కాపీలు తీసి మా స్టేషన్లో, మైపాడు వైపు స్టేషన్లో, ఆటో స్టాండులో, సచివాలయంలో ఇచ్చా. ఒకటి పూజ గూట్లో ఉంది. ఆమె జాకెట్ లోపలి వైపు నా నంబరు దారంతో కుట్టా. గొలుసుకు బిళ్ళ వేస్తే పీకేస్తుంది, కుట్టు జోలికి పోదు.

పరువు సంగతి అన్నావు కదా. మీ నాయన విడవలూరులో వరి పండించి నలుగురికి అన్నం పెట్టిన మనిషి. ఆయనకు జబ్బు చేసింది, అంతే. షుగరు వచ్చిందని స్టేషన్లో చెప్పుకోవడానికి సిగ్గుపడతామా? మూడోసారి ఆయన పోయే దారిలో కాలవలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. సాయంత్రం పూట ఆయన ఎడ్లు తోలుకు రావడానికే బయల్దేరుతుంటాడని నా అనుమానం.

పోయిన వారం ఆ హోంగార్డు అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ స్టేషన్‌కు కొత్త ఎస్సై వచ్చాడట, అత్తమ్మ కాగితం గోడకు అంటించి ఉంటే చదివి ఒకటి అడిగాడట. "కూర ఏందని అడగమని రాసుండాదే, ఆమె ఏ కూర చెప్తే నిజమనుకోవాల?" ఏది చెప్పినా నిజమనుకోమని చెప్పమన్నా.

మీ నాయన కాగితంలో నాకు ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. చిన్నప్పుడు మీ కొట్టంలో జత ఎడ్లుండేవి, ఒకదాని కొమ్ము వంకర. వాటి పేర్లేంది? మీ అమ్మను అడిగి రాత్రికి ఫోన్ చెయ్యి. రాసుకుంటా.